బ్యాటరీ నాణ్యతకు రసాయన విశ్లేషణ

ఇన్వర్టర్ ఉన్న ఇళ్ళలో రెండు మూడు నెలలకోసారి బ్యాటరీ మూతలు తీసి నీళ్ళ మట్టం చూస్తుంటారు. తగ్గితే డిస్టిల్డ్ వాటర్ తెచ్చి పోస్తారు. కుళాయి నీళ్ళు మాత్రం పోయవద్దని మెకానిక్ గట్టిగా చెప్పి వెళ్తాడు. మనం తాగే నీళ్ళే కదా, బ్యాటరీకి ఎందుకు పనికిరావు? ఎందుకంటే ఆ నీళ్ళలో కొంచెం ఇనుము ఉంటుంది, కొంచెం క్లోరైడు ఉంటుంది. మన ఒంటికి వాటివల్ల ఇబ్బంది లేదు గానీ బ్యాటరీకి ఉంది. యాసిడ్‌లో కరిగిన ఇనుము ఒక ప్లేటు దగ్గర ఎలక్ట్రాను వదులుతుంది. రెండో ప్లేటు దగ్గరికి వెళ్ళి మళ్ళీ ఒకటి పుచ్చుకుంటుంది. అలా అటూ ఇటూ తిరుగుతూ, మనం ఒక్క స్విచ్ వేయకపోయినా, బ్యాటరీలో దాచుకున్న ఛార్జిని లోలోపలే కరగదీస్తుంది.

నీళ్ళలో ఏముంది, ఎంత ఉంది, ఏ రూపంలో ఉంది? ఈ మూడు ప్రశ్నలు అడిగి, జవాబును అంకెల్లో చెప్పే శాస్త్రాన్ని వైశ్లేషిక రసాయన శాస్త్రం అంటారు. పరిశ్రమల్లో పనిచేసేవాళ్ళు ఎనలిటికల్ కెమిస్ట్రీ అనే అంటారు. మెకానిక్ హైడ్రోమీటర్ ముంచి, గ్రావిటీ 1280 ఉంది, ఛార్జి నిండుగా ఉందని చెప్పినప్పుడు ఆయన చేసింది కూడా రసాయన విశ్లేషణే. యాసిడ్ సాంద్రతను బట్టి సల్ఫ్యూరిక్ ఆమ్లం ఎంత ఉందో, దాన్ని బట్టి ఛార్జి ఎంత ఉందో ఆయన చెప్పగలిగాడు. ఈ శాస్త్రం బ్యాటరీల తయారీకి ఎలా పనికొస్తుందో, అందులో మన తెలుగువాళ్ళ పాత్ర ఏమిటో ఈవేళ చెప్పుకుందాం.

ఇన్వర్టర్లలో వాడే లెడ్ యాసిడ్ బ్యాటరీని 1859లో ఫ్రాన్స్‌లో గాస్తోన్ ప్లాంటే తయారుచేశాడు. లిథియం అయాన్ బ్యాటరీ 1991లో జపాన్‌లో సోనీ కంపెనీ ద్వారా బజారుకు వచ్చింది. ఈ బ్యాటరీకి పునాది వేసిన ముగ్గురు శాస్త్రవేత్తలు, జాన్ గుడ్‌ఎనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినో, 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఇవాళ మన జేబులో ఫోను, బడిపిల్లల ముందు ల్యాప్‌టాప్, వీధిలో తిరిగే కరెంటు స్కూటరు, ఆటో, బస్సు అన్నీ దాని మీదే నడుస్తున్నాయి.

ఆ బ్యాటరీ అంటే మనకు కొంత భయం కూడా ఉంది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ, విజయవాడలోనూ ఇళ్ళలో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. దేశంలో మరికొన్ని చోట్ల కూడా స్కూటర్లు తగలబడ్డాయి. కేంద్ర ప్రభుత్వం నిపుణుల చేత విచారణ జరిపించింది. ఏఐఎస్ 156 అనే భద్రతా ప్రమాణాన్ని కట్టుదిట్టం చేసి, 2022 డిసెంబరు నుంచి విడతలవారీగా అమల్లో పెట్టింది. బ్యాటరీకి నిప్పు అంటుకోవడానికి కారణాలు చాలా ఉంటాయి. ప్యాక్ అమరిక బాగా లేకపోవచ్చు. ఛార్జింగ్‌ను అదుపు చేసే సర్క్యూట్ లోపభూయిష్ఠంగా ఉండవచ్చు. తగని ఛార్జర్ వాడి ఉండవచ్చు. అయితే సెల్ లోపలే, అది తయారైన రోజే చేరిపోయే లోపాలు కొన్ని ఉన్నాయి. వాడేవాళ్ళు ఎంత జాగ్రత్తపడ్డా వాటిని తప్పించలేరు. వాటిని కర్మాగారంలోనే పట్టుకోవాలి. ఆ పని రసాయన విశ్లేషణది.

ముందు సెల్ ఎలా తయారవుతుందో రెండు ముక్కల్లో చెప్తాను. సెల్‌కు పాజిటివ్ వైపు ఒక పలచని అల్యూమినియం రేకు ఉంటుంది. దాని మీద నల్లటి పొడిని పూతగా వేస్తారు. నికెల్, మాంగనీసు, కోబాల్టు కలిసిన ఆక్సైడు గానీ, లిథియం ఐరన్ ఫాస్ఫేటు గానీ ఆ పొడిలో ఉంటుంది. నెగెటివ్ వైపు రాగిరేకు మీద గ్రాఫైటు పూత ఉంటుంది. రెండింటి మధ్య సెపరేటర్ అనే ప్లాస్టిక్ పొర ఉంటుంది. అది సాధారణంగా 10 నుంచి 25 మైక్రాన్ల మందం. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఈ మూడింటినీ చుట్టి డబ్బాలో పెట్టి, ఎలక్ట్రోలైట్ అనే ద్రవం నింపి, మూసేసి, మొదటిసారి మెల్లగా ఛార్జి చేస్తారు. ఒకసారి మూశాక లోపల ఏం జరుగుతోందో తెరిచి చూసే వీలుండదు. కాబట్టి వీలైనన్ని పరీక్షలు మూయకముందే, ప్రతి దశలోనూ జరగాలి.

ఇప్పుడు మళ్ళీ ఇనుము దగ్గరికి వద్దాం. లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఇనుము ఛార్జిని తినేస్తుందనుకున్నాం. లిథియం సెల్‌లో అది అంతకన్నా ప్రమాదం. పొడిని రుబ్బే మిల్లులో, కలిపే మిక్సర్‌లో, తీసుకుపోయే పైపులో ఎక్కడో లోహం అరుగుతుంది. కంటికి కనపడనంత ఇనుప రేణువు పాజిటివ్ పూతలో పడుతుంది. సెల్ ఛార్జి అయినప్పుడు ఆ వైపున ఉండే వోల్టేజికి ఇనుము లోహంగా నిలవలేదు. కరిగి అయాన్లుగా మారుతుంది. ఆ అయాన్లు సెపరేటర్ రంధ్రాల గుండా నెగెటివ్ వైపుకు వెళ్ళి, అక్కడ మళ్ళీ లోహంగా పేరుకుంటాయి. పేరుకుంటూ పేరుకుంటూ ముల్లులా పెరిగి సెపరేటర్‌ను చీల్చుకుని అవతలి వైపును తాకితే, లోపలే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. రాగి రేణువు పడినా ఇదే కథ. ఇదంతా జరగడానికి రోజులు పట్టవచ్చు, నెలలూ పట్టవచ్చు. కర్మాగారంలో చివరి పరీక్ష నాటికి ఆ సెల్ నిక్షేపంగా ఉన్నట్టే కనపడుతుంది.

ఇది ఊహ కాదు. 2006 ఆగస్టులో అమెరికాకు చెందిన డెల్ కంపెనీ తన ల్యాప్‌టాప్‌ల నుంచి 41 లక్షల బ్యాటరీలను వెనక్కి పిలిచింది. వాటిలోని సెల్స్ సోనీ తయారుచేసినవి. తయారీలో లోపలికి చేరిన అతి చిన్న లోహపు రేణువులు షార్ట్ సర్క్యూట్‌కు దారితీయవచ్చని సోనీయే చెప్పింది. లిథియం అయాన్ బ్యాటరీని ప్రపంచంలో మొట్టమొదట అమ్మిన కంపెనీకే ఈ కష్టం వచ్చింది. ఆ తర్వాతనే బ్యాటరీ పరిశ్రమ లోహపు మలినాలంటే ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఉండడం నేర్చుకుంది.

లోహపు మలినాలను కొలిచే ముఖ్యమైన పరికరం ఐసీపీ. పొడిని ఆమ్లంలో పూర్తిగా కరిగించి, ఆ ద్రావణాన్ని సన్నటి తుంపరగా ఆర్గాన్ ప్లాస్మాలోకి పంపుతారు. ఆ ప్లాస్మా వేడి 6,000 నుంచి 10,000 డిగ్రీల దాకా ఉంటుంది. ఆ వేడికి ప్రతి మూలకమూ తనకే సొంతమైన రంగులో కాంతిని వెదజల్లుతుంది. ఏ రంగు వచ్చిందన్నదాన్ని బట్టి ఏ మూలకమో, కాంతి తీవ్రతను బట్టి అది ఎంత ఉందో తేలుతుంది. నికెల్, మాంగనీసు, కోబాల్టు, లిథియం అనుకున్న పాళ్ళలో ఉన్నాయా లేదా అన్నది దీనితోనే చూస్తారు. ఇనుము, రాగి, జింకు, క్రోమియం పదిలక్షల భాగాల్లో ఒక భాగం ఉన్నా చెప్తుంది. ఆ కొలతనే పీపీఎం అంటారు. ప్లాస్మాకు మాస్ స్పెక్ట్రోమీటర్ జోడిస్తే వందకోట్ల భాగాల్లో ఒక భాగం దాకా వెళ్ళవచ్చు.

ఇంత మంచి పరికరం ఉంటే సమస్య తీరినట్టే కదా అనిపిస్తుంది. తీరలేదు. ఇక్కడే ఎనలిస్టు తెలివి కావాలి. 50 మైక్రాన్ల ఇనుప రేణువు బరువు సుమారు అర మైక్రోగ్రాము. ఒక కిలో పొడిలో అటువంటి రేణువు ఒక్కటే ఉందనుకోండి. పరీక్షకు మనం తీసుకునేది అర గ్రాము పొడి. ఆ అర గ్రాములో ఆ రేణువు మనకు చిక్కే అవకాశం 2,000లో ఒక వంతు. పరికరం ఇనుము లేదని నిజాయితీగానే చెప్తుంది. ఆ కిలో పొడితో తయారైన సెల్స్‌లో ఏదో ఒక దానిలో మాత్రం ఆ రేణువు ఉంటుంది. మెతుకు పట్టి చూస్తే అన్నం ఉడికిందో లేదో తెలుస్తుంది గానీ, అన్నంలో రాయి ఉందో లేదో తెలియదు. పాళ్ళు సరిగ్గా ఉన్నాయా అన్న ప్రశ్నకు చిన్న శాంపిల్ చాలు. పరాయి రేణువు పడిందా అన్న ప్రశ్నకు అది చాలదు.

అందుకని బ్యాటరీ ల్యాబుల్లో వేరే పద్ధతి పెట్టుకున్నారు. ఎక్కువ పొడిని నీళ్ళలోనో మరో ద్రవంలోనో కలిపి, ప్లాస్టిక్ తొడుగు ఉన్న బలమైన అయస్కాంతాన్ని అందులో వేసి చాలాసేపు తిప్పుతారు. అయస్కాంతానికి అంటుకున్న రేణువులను కడిగి, ఆమ్లంలో కరిగించి, అప్పుడు ఐసీపీలో కొలుస్తారు. పెద్ద మొత్తంలో చెల్లాచెదురుగా ఉన్న మలినాన్ని ముందు ఒకచోటికి చేర్చి, ఆ తర్వాత కొలవడం అన్నమాట. అక్కడితో ఆగరు. అంటుకున్న రేణువులను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి వాటిలో ఏ మూలకాలు ఉన్నాయో చూస్తారు. ఇనుముతో పాటు క్రోమియం ఉంటే అది స్టెయిన్‌లెస్ స్టీలు, ఎక్కడో మిక్సర్ బ్లేడో పైపో అరుగుతోందని అర్థం. మెయింటెనెన్స్ వాళ్ళు నేరుగా ఆ యంత్రం దగ్గరికే వెళ్తారు. ల్యాబ్ రిపోర్టు వల్ల కర్మాగారం బాగుపడడమంటే ఇదే.

మూడో ప్రశ్న గుర్తుందా, ఏ రూపంలో ఉంది అన్నది? లిథియం ఐరన్ ఫాస్ఫేటులో దాని విలువ తెలుస్తుంది. ఎల్‌ఎఫ్‌పీ అని పిలిచే ఈ పదార్థాన్ని 1997లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో గుడ్‌ఎనఫ్ బృందం వెలుగులోకి తెచ్చింది. చవక, వేడికి బాగా తట్టుకుంటుంది, అందుకే ఇప్పుడు స్కూటర్లలో, బస్సుల్లో విరివిగా వాడుతున్నారు. దాని బరువులో మూడో వంతుకు పైగా ఇనుమే. ఆ ఇనుము ఫాస్ఫేటు స్ఫటికంలో బందీగా ఉంటుంది, దానివల్ల ఏ హానీ లేదు. హాని చేసేది లోహంగా మిగిలిపోయిన కాస్తంత ఇనుము. మొత్తం కరిగించి కొలిస్తే మంచి ఇనుము, చెడ్డ ఇనుము కలిసిపోయి ఒకే అంకె వస్తుంది. ఆ అంకె వల్ల ప్రయోజనం లేదు. అందుకే ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌తో స్ఫటిక నిర్మాణం చూస్తారు, అయస్కాంతంతో లోహాన్ని వేరు చేస్తారు, రామన్ స్పెక్ట్రమ్‌తో ఎల్‌ఎఫ్‌పీ రేణువుల మీది కార్బన్ పూత ఎలా ఉందో చూస్తారు. రామన్ పేరు వినగానే మన సీవీ రామన్ గుర్తుకొస్తారు కదా, ఔను, 1928లో ఆయన కనుగొన్న కాంతి ధర్మమే ఇవాళ ఈ పనికి ఉపయోగపడుతోంది.

ఇనుము తర్వాత రెండో శత్రువు నీరు. లెడ్ యాసిడ్ బ్యాటరీకి నీళ్ళు పోస్తాం. లిథియం సెల్‌లో నీటి ఆవిరి కూడా ఉండకూడదు. ఎలక్ట్రోలైట్‌లో లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ అనే లవణం ఉంటుంది. దానికి నీరు తగిలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది. ఒక నీటి అణువు రెండు హైడ్రోజన్ ఫ్లోరైడ్ అణువులను పుట్టిస్తుంది. అది గాజునే తినేసే ఆమ్లం. సెల్ లోపల పాజిటివ్ పూతలోని లోహాలను కరిగిస్తుంది, గ్రాఫైటు మీద ఏర్పడిన రక్షణ పొరను పాడుచేస్తుంది. వాయువులు పుట్టి సెల్ ఉబ్బుతుంది. అందువల్ల ఎలక్ట్రోలైట్‌లో తేమ సాధారణంగా 20 పీపీఎం లోపే ఉండేలా చూస్తారు. అంటే కిలోకు 20 మిల్లీగ్రాములు. సెల్స్ చుట్టి ద్రవం నింపే గదిలో గాలిని ఎంత ఎండబెడతారంటే, దాని మంచుబిందు ఉష్ణోగ్రత మైనస్ 40 డిగ్రీలు, ఒక్కోచోట అంతకన్నా తక్కువ ఉంటుంది. ఆ గదిలోకి ఎంతమంది వెళ్ళాలో కూడా లెక్క ఉంటుంది, మన ఊపిరిలోనూ చెమటలోనూ తేమ ఉంటుంది కాబట్టి.

ఇంత తక్కువ తేమను ఎలా కొలుస్తారు? 1935లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త కార్ల్ ఫిషర్ ఒక పద్ధతి కనిపెట్టాడు. అయోడిన్, సల్ఫర్ డయాక్సైడు కలిసి చర్య జరపాలంటే నీరు కావాలి. ఒక అణువు నీటికి ఒక అణువు అయోడిన్ ఖర్చవుతుంది. ఎంత అయోడిన్ ఖర్చయిందో తెలిస్తే ఎంత నీరు ఉందో తెలిసినట్టే. ఇప్పటి పరికరాలు ఆ అయోడిన్‌ను విద్యుత్తుతో అప్పటికప్పుడు పుట్టించి, ఖర్చయిన విద్యుత్తును లెక్కగట్టి, మైక్రోగ్రాముల్లో నీటిని చెప్తాయి. పూత వేసిన రేకులనైతే చిన్న ఓవెన్‌లో వేడిచేసి, వచ్చిన ఆవిరిని ఎండు వాయువుతో పరికరంలోకి పంపుతారు. దాదాపు 90 ఏళ్ళ నాటి పద్ధతి. ఇప్పటికీ బ్యాటరీ కర్మాగారంలో అది లేనిదే పని జరగదు.

ఈ పరీక్షలో ఎనలిస్టుకు మరో పాఠం ఉంది. శాంపిల్ తీసి సీసాలో పోసి ల్యాబ్‌కు తెచ్చే లోపు గాలిలోని తేమ అందులో చేరవచ్చు. వానాకాలంలో మన దగ్గర గాలి ఎలా ఉంటుందో తెలిసిందే. అప్పుడు కొలిచేది ఎలక్ట్రోలైట్ తేమను కాదు, వరండాలో గాలి తేమను. కాబట్టి సీసా, మూత, సిరంజి, శాంపిల్ తీసే మనిషి అలవాట్లు అన్నీ కొలతలో భాగమే. శాంపిల్ లేకుండా అదే పరీక్ష చేసి వచ్చిన అంకెను బ్లాంక్ అంటారు. ఆ బ్లాంక్‌ను రోజూ తీసి రాసుకునే ల్యాబ్ మాటనే నమ్మవచ్చు.

అన్ని పరీక్షలకూ కోట్ల రూపాయల పరికరాలు అక్కర్లేదు. నికెల్ ఎక్కువగా ఉండే పాజిటివ్ పొడికి ఒక గుణం ఉంది. గాలి తగిలితే దాని ఉపరితలం మీద లిథియం హైడ్రాక్సైడు, లిథియం కార్బొనేటు తయారవుతాయి. ఇవి క్షారాలు. పూత వేయడానికి ఈ పొడిని పీవీడీఎఫ్ అనే జిగురుతో, ఎన్‌ఎంపీ అనే ద్రావణితో కలుపుతారు. క్షారం ఎక్కువైతే ఆ జిగురు పాడైపోయి, మిశ్రమమంతా జెల్లీలా గడ్డకడుతుంది. ట్యాంకు నిండా సరుకు పారబోయాల్సి వస్తుంది. దీన్ని ముందే పట్టుకునేది మామూలు టైట్రేషన్. పొడిని నీళ్ళలో కలిపి వడకట్టి, ఆ నీటిలోకి బ్యూరెట్‌తో హైడ్రోక్లోరిక్ ఆమ్లం వదులుతారు. రెండు చోట్ల మలుపు వస్తుంది. ఆ రెండింటిని బట్టి హైడ్రాక్సైడు ఎంతో, కార్బొనేటు ఎంతో విడివిడిగా తెలుస్తాయి. ఫినాఫ్తలీన్, మిథైల్ ఆరెంజ్ వేసి మన డిగ్రీ పిల్లలు కెమిస్ట్రీ ల్యాబులో చేసే డబుల్ ఇండికేటర్ టైట్రేషన్ ఇదే సూత్రం మీద నడుస్తుంది. ఇదెందుకు పనికొస్తుందని అనుకునే విద్యార్థులకు నేను చెప్పేదొకటే: ఒక బ్యాటరీ కర్మాగారంలో ఇవాళ్టి బ్యాచ్ నడవాలా ఆగాలా అన్నది ఆ బ్యూరెట్ రీడింగ్ మీద ఆధారపడుతుంది.

ఒక్కోసారి దోషి ఎవరూ అనుమానించని చోట దొరుకుతాడు. కెనడాలో హాలిఫాక్స్ నగరంలో డల్‌హౌసీ విశ్వవిద్యాలయం ఉంది. లిథియం బ్యాటరీల మీద పరిశోధనకు అది పేరున్న చోటు. వాడకుండా పక్కన పెట్టిన సెల్స్ కూడా తమంతట తామే ఎందుకు ఛార్జి పోగొట్టుకుంటున్నాయో అక్కడ పరిశోధించారు. సెల్స్‌ను రకరకాల ఉష్ణోగ్రతల దగ్గర ఉంచి, తర్వాత తెరిచి చూశారు. బాగా వేడిలో ఉంచిన సెల్స్‌లో ఎలక్ట్రోలైట్ ఎర్రగా మారి ఉంది. మామూలుగా దానికి రంగు ఉండదు. రసాయన విశ్లేషణ చేస్తే అందులో డైమిథైల్ టెరిఫ్తలేట్ అనే పదార్థం దొరికింది. అది ఎక్కడి నుంచి వచ్చింది? సెల్ లోపల చుట్టలు ఊడిపోకుండా అంటించే చిన్న టేపు నుంచి. ఆ టేపు పెట్ ప్లాస్టిక్‌తో చేసింది. మనం కొనే నీళ్ళ సీసాల ప్లాస్టిక్ అదే. సెల్ లోపలి రసాయనాలకు ఆ టేపు మెల్లగా విడిపోయి, దాన్నుంచి పుట్టిన అణువు రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఎలక్ట్రాన్లను మోస్తూ ఛార్జిని హరిస్తోంది. లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఇనుము చేసే పనే ఇక్కడ ఈ అణువు చేస్తోంది. పరిష్కారం ఎంతో తేలిక, పెట్ టేపు మానేసి పాలీప్రొపిలీన్ టేపు వాడడం. 2023లో ఈ సంగతి బయటికి వచ్చింది. విశ్లేషణ లేకపోతే ఆ టేపు మీదికి ఎవరి దృష్టీ పోయేది కాదు.

సెల్ తయారయ్యాక కూడా రసాయన పరీక్షలు ఉంటాయి. మొదటి ఛార్జిలో ఎలక్ట్రోలైట్‌లో కొంత భాగం గ్రాఫైటు మీద విడిపోయి రక్షణ పొరగా ఏర్పడుతుంది. ఆ సమయంలో వెలువడే వాయువులను గ్యాస్ క్రొమటోగ్రఫీలో విడదీసి చూస్తే, ఎథిలీన్ ఎంత, కార్బన్ డయాక్సైడు ఎంత, హైడ్రోజన్ ఎంత అన్నది తెలుస్తుంది. దాన్ని బట్టి పొర ఎలా ఏర్పడిందో, తేమ ఏమైనా మిగిలిందో అంచనా వేయవచ్చు. ముసలిదైన సెల్‌ను తెరిచి ఎలక్ట్రోలైట్‌ను పరీక్షిస్తే అది ఏ కారణంతో బలహీనపడిందో చెప్పవచ్చు. పాత బ్యాటరీలను ముక్కలు చేసి తీసే నల్లటి పొడికి ధర కట్టేది కూడా అందులో నికెల్, కోబాల్టు, లిథియం ఎంత ఉన్నాయన్న విశ్లేషణ మీదే.

ఇప్పుడు అసలు చెప్పదలచుకున్న మాటకు వస్తాను. పరికరాలు డబ్బుపెడితే వస్తాయి. ల్యాబ్‌కు అధికారం రావడం కష్టం. పరీక్షలో తేలిన అంకె బాగా లేనప్పుడు, సరుకు ఆపండి అని ఎనలిస్టు చెప్పగలగాలి. ప్రొడక్షన్ వాళ్ళు ఆ మాట వినాలి. అవసరానికి తగ్గట్టు అంకె మార్చే అలవాటు ఒక్కసారి మొదలైతే, ఎన్ని కోట్ల ల్యాబ్ అయినా వృథా. పాస్, ఫెయిల్ అని రాసి ఫైలు మూసేయడం కూడా చాలదు. తేమ పరిమితి 20 పీపీఎం అనుకుందాం. సోమవారం 8, మంగళవారం 10, బుధవారం 13, గురువారం 15 వచ్చింది. నాలుగు రోజులూ పాసే. అయినా ఆ వరుసను చూసిన ఎనలిస్టు, గాలిని ఎండబెట్టే యంత్రంలో ఏదో తేడా వచ్చిందని గురువారమే చెప్పాలి. పరిమితి దాటేదాకా ఆగితే అప్పటికి వేల సెల్స్ మూతపడి ఉంటాయి. రోజువారీ అంకెలను గ్రాఫు గీసి చూసుకునే చిన్న అలవాటుతో ఎంతో సరుకు మిగులుతుంది.

ఈ క్రమశిక్షణ మన తెలుగు నేలకు కొత్త కాదు. హైదరాబాద్‌లో ఐడీపీఎల్ అనే ప్రభుత్వ మందుల కంపెనీ వచ్చినప్పటి నుంచి మనవాళ్ళు మందుల తయారీ నేర్చుకున్నారు. ఇవాళ జీడిమెట్లలో, పాశమైలారంలో, పరవాడలో, పైడిభీమవరంలో మందుల కంపెనీల క్యూసీ, అంటే నాణ్యతను పరీక్షించే ల్యాబులు రాత్రింబవళ్ళు పనిచేస్తున్నాయి. కార్ల్ ఫిషర్‌తో తేమ చూడడం, గ్యాస్ క్రొమటోగ్రఫీతో ద్రావణులు చూడడం, ఐసీపీతో లోహపు మలినాలు చూడడం అక్కడి మన పిల్లలకు రోజూ చేసే పని. బ్లాంక్ తీయడం, పరికరాన్ని ప్రామాణిక నమూనాతో సరిచూడడం, రాసిన అంకెను చెరిపేయకుండా ఉంచడం, క్యూసీ సంతకం లేనిదే బ్యాచ్ బయటికి పోకుండా ఆపడం, ఇవన్నీ మందుల పరిశ్రమ మనకు నేర్పింది. బ్యాటరీ పరిశ్రమకు కావలసింది సరిగ్గా ఈ నేర్పే. మందుకు బదులు నల్లటి పొడి ఉంటుంది, మాత్రకు బదులు సెల్ ఉంటుంది. పద్ధతి మాత్రం అదే.

అవకాశాలు కూడా మన గుమ్మంలోకి వస్తున్నాయి. దేశంలో సెల్స్ తయారీని ప్రోత్సహించడానికి కేంద్రం 2021లో 18,100 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. లెడ్ యాసిడ్ బ్యాటరీలతో పేరు తెచ్చుకున్న అమరరాజా సంస్థ మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో లిథియం సెల్స్ కర్మాగారానికి 2023 మే నెలలో శంకుస్థాపన చేసింది. తిరుపతిలో మునోత్ సంస్థ లిథియం అయాన్ సెల్స్ తయారీ యూనిట్ పెట్టింది. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే కేంద్ర పరిశోధన సంస్థ ఎల్‌ఎఫ్‌పీ పొడి తయారీ పరిజ్ఞానాన్ని అభివృద్ధి చేసి పరిశ్రమకు అందించింది. ఇన్నాళ్ళూ సెల్స్ బయటి దేశాల నుంచి తెచ్చుకుని ఇక్కడ ప్యాకులుగా కూర్చుకున్నాం. అప్పుడు వాటి లోపల ఏముందో తెలుసుకోవలసిన బాధ్యత మనది కాదని అనుకున్నా చెల్లింది. మనమే సెల్ తయారుచేసేటప్పుడు ఆ మాట చెల్లదు.

అందుకే మూడు విన్నపాలు. బ్యాటరీ కర్మాగారాలు పెడుతున్న యాజమాన్యాలకు మొదటి విన్నపం: యంత్రాలు బిగించాక ఆఖరున మిగిలిన డబ్బుతో ల్యాబ్ కట్టకండి. ల్యాబ్ ముందు సిద్ధం కావాలి. ల్యాబ్ అధిపతికి సరుకు ఆపే అధికారం రాతపూర్వకంగా ఇవ్వండి. కాలేజీల్లో రసాయన శాస్త్రం చెప్పే అధ్యాపకులకు రెండో విన్నపం: టైట్రేషన్ చేయించేటప్పుడు అది ఏ పరిశ్రమలో ఎందుకు అవసరమో విద్యార్థులకు చెప్పండి. మార్కుల కోసం రీడింగులు సరిపెట్టుకునే అలవాటును మొదటి సంవత్సరంలోనే మాన్పించండి. బీఎస్సీ, ఎమ్మెస్సీ చదువుతున్న యువతీయువకులకు మూడో విన్నపం: కెమిస్ట్రీ చదివితే మందుల కంపెనీయే దిక్కు అనుకోవద్దు. శాంపిల్ ఎలా తీయాలో, బ్లాంక్ ఎందుకు తీయాలో, అంకె వెనుక ఎంత సందేహం ఉందో బాగా నేర్చుకోండి. పరికరం ఏదైనా నెలరోజుల్లో చేతికి వస్తుంది. ఈ మూడూ వచ్చినవాళ్ళ కోసం బ్యాటరీ పరిశ్రమ ఎదురుచూస్తోంది. మీరు నిజాయితీగా రాసే ఒక్కొక్క అంకె ఎవరి ఇంట్లోనో రాత్రిపూట ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీని భద్రంగా ఉంచుతుంది.